సిల్వానో మైకు తిరిగిచ్చేసిన ఆదివారం

లా హాగ్వా పేటలో ఇప్పుడు ఎవరి నోట విన్నా ఒకటే మాట. సెలూన్ సిల్వానో అమ్ముడుపోయాడట.

మొన్న ఆదివారం ఆసుపత్రి దగ్గర అంత జనం ముందు, మంత్రిగారు స్వయంగా చేతికిచ్చిన మైకుని ఒక్క ముక్కయినా మాట్లాడకుండా తిరిగిచ్చేసి మెట్లు దిగిపోయాడు కదా. పడవ పార్టీవాళ్లు ముందురోజే వచ్చి అతని నోరు కట్టేశారని కొందరంటున్నారు. కాదు, సొంత గొడుగు పార్టీయే అతనికి పదవి ఇవ్వకపోతే అలిగాడని ఇంకొందరు. కొళాయి దగ్గర ఆడవాళ్లు మరో మెట్టు పైకెక్కి, చచ్చిపోయిన ఎర్మిందా వచ్చి మొగుడి గొంతు పట్టుకుందని, ఆమె చీర కొంగులాంటి తెల్లటిదేదో మైకు వెనక కదలడం చూశామని చెబుతున్నారు. ఈ పేటలో ఎర్మిందా ఏనాడు చీర కట్టిందో వాళ్లనే అడగాలి. అక్కడ కదిలింది మంత్రిగారి రుమాలు. ఎర్మిందా బతికుండగా ఎవరి గొంతూ పట్టుకోలేదు, ఇప్పుడెందుకు పట్టుకుంటుంది?

ఇందులో ఒక్కటీ నిజం కాదు. సిల్వానోకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అతను ఎవర్నీ ఏమీ అడగలేదు. జరిగింది తెలియాలంటే ఆ ఆసుపత్రి వెనకున్న రేకుల గది గురించి చెప్పుకోవాలి. దానికన్నా ముందు సిల్వానో సెలూన్ గురించి.

లా హాగ్వాలో పార్టీ అనేది మనిషి పెద్దయ్యాక ఎంచుకునేది కాదు, తల్లిపాలతో పాటు కడుపులోకి దిగేది. సిల్వానో తాత గొడుగు, తండ్రి గొడుగు, తనూ గొడుగే. పేట కమిటీకి పెద్ద కూడాను. సెలూన్ గోడ మీద గొడుగు బొమ్మ క్యాలెండరు ఒకటి ఉండేది. ఏ ఏటిదో ఎవరికీ తెలియదు, తేదీలు చూడ్డానికి కాదు కదా అది. ఎర్మిందా మాత్రం పడవవాళ్ల పిల్ల. పెళ్లయ్యాక గొడుగు కిందికొచ్చి నిలబడింది. "వాన పడితే పడవకన్నా గొడుగే నయం" అని నవ్వేది.

ఆ సెలూన్లో కరెంటు పోవడం ఒక వేడుక. ఎవరి తలో సగం అయ్యి ఉంటుంది, చేతిలో మిషను గుర్రుమని ఆగిపోతుంది. సిల్వానో దాన్ని తువ్వాలు మీద పెట్టి, నెమ్మదిగా గుమ్మంలోకి నడిచి, నడుం మీద చేతులేసుకుని వీధికంతటికీ వినబడేలా రాగం తీసేవాడు. "ఆర్పేశాడమ్మా దొంగ, మళ్లీ ఆర్పేశాడు." ఆ దొంగ ఎవరో చెప్పక్కర్లేదు. రాజధానిలో కుర్చీ మీద కూర్చున్న పడవ పెద్దాయన. అది పడవవాళ్ల ఏలుబడిలో సంగతి. గొడుగువాళ్ల ఏలుబడిలో కరెంటు పోతే మాత్రం రాగం మారేది, గొంతులో జాలి పుట్టేది. "వెనకటివాళ్లు తీగలు కొరికేసి పోయారు. మన పెద్దాయన ఒక్కడూ ఎన్నని అతుకుతాడు పాపం."

ఆ మాటకి కుర్చీలోంచి బదులిచ్చేవాడు ఒవిదియో. లారీ తోలేవాడు, పడవ మనిషి. "మీ పెద్దాయన వచ్చి రెండో దఫా నడుస్తోంది కొంపాద్రే. ఆ ఎలుకలు ఇంకా బతికే ఉన్నాయా?"

ఈ ఇద్దరూ ఒకే వాగులో ఈత నేర్చుకున్నవాళ్లు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకుంటూ పెరిగారు. సిల్వానో కూతురు దమారిస్‌కి బాప్తిస్మమప్పుడు ఒవిదియో జ్ఞానతండ్రి అయిన రోజు నుంచి ఒకరికొకరు కొంపాద్రేలయ్యారు. బిడ్డ తండ్రీ జ్ఞానతండ్రీ అయ్యాక ఇంక 'నువ్వు' అనే మాట లేదు, 'మీరు' అనే అనుకోవాలి. కొట్టుకోకూడదు, తిట్టుకోకూడదు. అన్నదమ్ములు విడిపోతే దేవుడు చూసీచూడనట్టు పోతాడు గానీ కొంపాద్రేలు విడిపోతే మాత్రం లెక్క అడుగుతాడని ఇక్కడి నమ్మకం. అందుకని వాళ్ల కొట్లాటంతా మీరు, మీరు అంటూనే సాగేది. ఒకసారి సగం గడ్డం గీశాక కరెంటు పోయింది. "మిగతా సగం మీ పార్టీవాడి చేత గీయించుకోండి కొంపాద్రే" అని సిల్వానో కత్తి మడిచేశాడు. ఒవిదియో అదే ముఖంతో లారీ ఎక్కి, రెండు ఊళ్లు తిరిగి, సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. ఎర్మిందా కడుపు పట్టుకుని నవ్వింది.

కరెంటు తిరిగొస్తే మాత్రం పేటంతా ఒకే గొంతుతో "వచ్చింది!" అని కేకేస్తుంది. ఆ కేకకి పార్టీ లేదు.

సరే, రేకుల గది. గొడుగు ప్రభుత్వానికి అది చివరి ఏడు, ఎన్నికలు నెత్తి మీదికొచ్చాయి. మన దగ్గర ఆ రోజుల్లో రిబ్బను కట్టని గోడంటూ ఉండదు. నీళ్లు రాని కొళాయికీ రిబ్బనే, కప్పు లేని బడికీ రిబ్బనే. కత్తెర ముందు, పని తర్వాత. అలాగే పేట ఆసుపత్రికి కరెంటు మిషను ఇస్తున్నామని చాటింపు వేశారు. కరెంటు పోయిన క్షణంలోనే అది మొదలవుతుందట, ఇక రోగులకి చీకటి లేదట. కుర్చీలు వేయించడం, బాజాలవాళ్లని పిలవడం, జనాన్ని పోగెయ్యడం అంతా పేట కమిటీ పెద్దగా సిల్వానో పని.

ఆ పొద్దున కుర్చీలు తీయడానికి రేకుల గది తాళం అతనే తీశాడు. గదిలో ఆకుపచ్చ రంగు వేసిన ఇనప పెట్టె, మనిషెత్తున, నిగనిగలాడుతూ ఉంది. ముచ్చటపడి దాని తలుపు లాగి చూశాడు. లోపల ఒక చీపురుంది. ఇంకేమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే గోడకి తీగ కూడా లేదు.

ఇంజనీరుని పిలిచి అడిగాడు. అతను చెమట తుడుచుకుంటూ, అసలు మిషను సముద్రం మీదుంది దొన్ సిల్వానో, ఎన్నికలయ్యాక దిగుతుంది, ఈ లోపల ఎవరికి నష్టం అన్నాడు. సిల్వానో చీపురు వంక చూశాడు, బయట కడుతున్న రిబ్బను వంక చూశాడు. పెట్టె తలుపు మూశాడు, గది తలుపు మూశాడు, తాళం వేశాడు.

మరి చప్పుడు ఎలా? దానికోసం పక్క ఊరి నుంచి అద్దె మిషను ఒకటి తెప్పించి, లారీతో సహా ప్రహరీ వెనక నిలబెట్టారు. ఆ లారీ ఒవిదియోది. పడవ మనిషైతేనేం, బాడుగ బాడుగే. సిల్వానో గోడ వెనక్కి వెళ్లేసరికి అతను స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని ఉన్నాడు.

"కొంపాద్రే, మిషను ఆ గదిలో ఉందని మైకులో చెబుతున్నారు. మరి నేను మోసుకొచ్చింది ఏమిటి?"

"మీరు ఇవాళ గొడుగుకి పనిచేస్తున్నారు. నోరు మూసుకుని కూర్చోండి."

ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు. ఇంతలో ఎవరో పరుగెత్తుకొచ్చారు. రిబ్బను కత్తిరించే కత్తెర రాజధానిలోనే మరిచిపోయారట. సిల్వానో సెలూన్‌కి వెళ్లి తన మంచి కత్తెర తెచ్చాడు. రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి దానితోనే రిబ్బను కత్తిరించాడు, గోడ వెనక మిషను గుడగుడలాడింది, ఆసుపత్రిలో దీపాలు వెలిగాయి. ముందు వరసలో కూర్చున్న ఎర్మిందా అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. మొగుడి కత్తెర కదా. ఆ కత్తెరని సిల్వానో గాజు పెట్టెలో పెట్టి క్యాలెండరు పక్కన తగిలించాడు. దానితో మళ్లీ ఎవరి వెంట్రుకా కత్తిరించలేదు.

ఎన్నికల్లో గొడుగు ఓడిపోయింది. ఆగస్టు వానల్లో పడవ పెద్దాయన ప్రమాణం చేశాడు. రేకుల గది తాళం అలాగే ఉంది. సముద్రం మీది మిషను సముద్రం మీదే ఉంది.

ఎర్మిందాకి ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ ఏడు క్రిస్మస్‌కి ముందు చలిగాలికి ఒక మధ్యాహ్నం ఊపిరి అందకుండా పోయింది. ఒవిదియో లారీలోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ మిషను పెట్టారు. కాస్త తేరుకుంది, మొగుడి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. అప్పుడు కరెంటు పోయింది.

నర్సు అరిచింది. వెనక మిషను, వెనక మిషను వెయ్యండి అని. ఆ అరుపుకి వార్డులో ఉన్నవాళ్లందరూ, రోగుల బంధువులతో సహా, రేకుల గది వైపు పరుగెత్తారు. తాళం పగలగొట్టే చప్పుడు వినబడింది. మంచం దగ్గర పరుగెత్తని పెద్దవాళ్లు ఇద్దరే మిగిలారు. మంచానికి అటు సిల్వానో, ఇటు ఒవిదియో. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, అంతే. కాళ్ల దగ్గర దమారిస్ నిలబడి ఉంది. అప్పటికి బడికెళ్లే పిల్ల. అమ్మనీ చూసింది, ఆ ఇద్దర్నీ చూసింది.

ఇంట్లో శవం దగ్గర కూర్చున్నవాళ్లకి అల్లం టీ కాచి పోస్తున్నారు, ఆడవాళ్లు జపమాల తిప్పుతున్నారు. శవపేటిక ఎత్తే వేళకి ఒవిదియో ముందుకొచ్చి భుజం వంచాడు. కొంపాద్రే కదా, అది అతని హక్కు. సిల్వానో లేచి అతని చెయ్యి తోసేశాడు.

"మీ పెద్దాయన నా ఇల్లు చీకటి చేశాడు. ఆ చెయ్యి ఈ పెట్టె మీద పడటానికి వీల్లేదు."

"ఆయనొచ్చి నాలుగు రోజులు కాలేదు కొంపాద్రే" అన్నాడు ఒవిదియో, చాలా మెల్లగా. ఇంకేమైనా అంటాడేమోనని ఇల్లంతా చెవులు రిక్కించింది. సిల్వానో కూడా ఊపిరి బిగబట్టాడు. ఒవిదియో టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజే సిల్వానో కూతురికి ఆజ్ఞ పెట్టాడు. ఇకనుంచి జ్ఞానతండ్రి ఎదురైతే దీవెన అడగకూడదు.

ఇది ఎంత పెద్ద మాటో ఇక్కడివాళ్లకే తెలుస్తుంది. జ్ఞానతండ్రి కనబడితే బిడ్డ ఆగాలి. "దీవెన, పద్రీనో" అనాలి. "దేవుడు నిన్ను దీవించాలి బిడ్డా" అని అతను అనాలి. అప్పుడే ఎవరి దారిన వాళ్లు పోవాలి. దమారిస్ తల వంచుకుని రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేది. ఒవిదియో అలాగే ఆగి టోపీ తీసేవాడు. అడగని దీవెనే అయినా పెదాలు కదిపి ఇచ్చేసేవాడు.

ఆ తర్వాత సిల్వానో నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. కరెంటు పోయిన ప్రతిసారీ గుమ్మంలోకొచ్చి, "ఆర్పేశాడమ్మా దొంగ, ఎర్మిందాని ఆర్పినవాడే ఆర్పేశాడు" అనేవాడు. గొడుగు నాయకులు ఇది విన్నారు. అతన్ని సభలకి లారీలెక్కించి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. చేతిలో కత్తెర గాజుపెట్టె, ఒంటి మీద నల్లచొక్కా. మనం ఇచ్చిన మిషను కొత్త పెళ్లికూతురిలా మెరిసేదనీ, వీళ్లు వచ్చి దాని గుండెకాయ పీక్కుపోయారనీ చెప్పేవాడు. చెప్పినకొద్దీ ఆ లేని మిషను చప్పుడు పెరిగిపోయింది. ఆడవాళ్లు ఏడ్చేవాళ్లు. అతనూ ఏడ్చేవాడు, ఆ ఏడుపులో అబద్ధం లేదు. ఇంటికొచ్చి పడుకుంటే మాత్రం చీపురు కనబడేది.

పడవ పెద్దాయన గొప్పవాడని ఇక్కడ ఎవరూ అనడం లేదు. తర్వాత్తర్వాత చెయ్యకూడనివి చేశాడు, చెయ్యాల్సినవి మానేశాడు. ఆ రేకుల గదిని కూడా ఏళ్ల తరబడి అలాగే వదిలేశాడు, దానికి మాట పడాల్సిందే. కానీ ఆ పెట్టె ఖాళీ చేసింది మాత్రం ఆయన కాదు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ అందరి పిడికెళ్లూ ఒక్కడి నెత్తిన పోశారు.

ఏటా ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లో పేటంతా తియ్యటి చిక్కుడుగింజల పాయసం కాస్తారు. ఏ ఇంట్లో కాచినా మొదటి గిన్నె కొంపాద్రే ఇంటికే వెళ్లాలి. ఒవిదియో భార్య కసిల్దా ఒక్క ఏడు కూడా తప్పకుండా గిన్నె పంపింది. సిల్వానో ఒక్క ఏడు కూడా తప్పకుండా కప్పిన గుడ్డ తీయకుండా తిప్పి పంపాడు. కసిల్దా ఉండబట్టలేక, ఆ పెట్టె సంగతి పేటంతా చాటేస్తానని మొగుడితో అందట. ఒవిదియో ఒప్పుకోలేదట. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది, ఆ రోజు గోడ వెనక నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను కదా అన్నాడట. గోడలకి చెవులుంటాయి గనక ఈ మాట బయటికొచ్చింది.

ఏళ్లు గడిచాయి. దమారిస్‌కి పెళ్లయింది, అదే వీధిలో కాపురం. కిందటేడు ఎన్నికల్లో గొడుగు మళ్లీ గెలిచింది. సిల్వానో సెలూన్ మెట్ల మీద నిలబడి ఏడ్చాడు. ఇక ఎర్మిందాకి న్యాయం జరిగిందన్నాడు.

కరెంటు మాత్రం ఎప్పటిలాగే పోయింది.

మొదటిసారి పోయినప్పుడు కుర్చీలో విల్కిన్ అనే పడవ కుర్రాడున్నాడు. సగం తల నున్నగా, సగం తల పొదలా ఉంది. అందరూ సిల్వానో వంక చూశారు. అతను అలవాటు కొద్దీ మిషను కింద పెట్టి గుమ్మంలోకి నడిచాడు. నోరు తెరిచేలోపు విల్కిన్ కుర్చీలోంచే, అచ్చం అతని రాగంలో, అతని సాగతీతతో, "ఆర్పేశాడమ్మా దొంగ, మళ్లీ ఆర్పేశాడు" అన్నాడు. సెలూన్ పగలబడి నవ్వింది.

సిల్వానోకి ఒళ్లు మండింది. "నోరు ముయ్యరా. ఆయనొచ్చి నాలుగు రోజులు కాలేదు, ఏం చేస్తాడు" అన్నాడు.

అని, అక్కడే ఆగిపోయాడు. ఆ మాట తనది కాదు. శవపేటిక పక్కన మెల్లగా విన్న మాట. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో, తన నోట్లోంచే బయటికొచ్చింది. విల్కిన్ ఇంకేదో ఎగతాళి చేశాడు గానీ అది అతని చెవికెక్కలేదు. ఆ తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయినా సిల్వానో గుమ్మంలోకి రాలేదు. మిషను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చునేవాడు. అమ్ముడుపోయాడనే పుకారుకి మొదటి విత్తనం పడింది అప్పుడే.

దమారిస్‌కి నెలలు నిండుతున్నాయి. పాయసాల రోజులు మొదలయ్యాయి. ఒకనాడు తండ్రికి ఉడికించిన అరటికాయ మెదిపి, ఉల్లిపాయ వేయించి తెచ్చిపెట్టి, ఎదురుగా కూర్చుంది. బిడ్డ పుట్టేలోపు పద్రీనో దగ్గరికెళ్లి దీవెన అడుగుతానంది. ఆయన దీవెన లేకుండా, అమ్మ పోయిన ఆ ఆసుపత్రి గడప తొక్కనంది. సిల్వానో వద్దన్నాడు. ఎందుకు వద్దో ఒక్క కారణం చెప్పమంది. పడవవాళ్లు మీ అమ్మని చంపారన్నాడు.

"పడవవాళ్లు సరే నాన్నా. పద్రీనో ఏం చేశాడు?"

సిల్వానో పళ్లెం పక్కకి జరిపాడు. ఇంకో రెండు రోజులు ఆలోచించు, ఆదివారం దాకా ఆగుతాను, తర్వాత నువ్వు వద్దన్నా వెళ్తాను అని చెప్పి ఆమె లేచిపోయింది. చెబితే కూతురు దూరమవుతుంది. చెప్పకపోతే కొంపాద్రేని వదులుకున్న పాపం కూతురి మెడకీ చుట్టుకుంటుంది. అతని ప్రాణం ఆ రెంటి మధ్య ఇరుక్కుంది.

ఆ మర్నాడే గొడుగు నాయకుడు లాయరు రాదమేస్ సెలూన్‌కొచ్చాడు. ఆసుపత్రికి మన కొత్త ప్రభుత్వం మిషను ఇస్తోంది దొన్ సిల్వానో, ఆదివారం మంత్రిగారే వస్తున్నారు, ఆ పాత కత్తెరతోనే రిబ్బను కత్తిరిద్దాం అన్నాడు. గాజుపెట్టెని వేలితో తట్టాడు.

"మీరు ఒక్క మాట చెబితే చాలు. ఆనాడు మనం ఇచ్చిన మిషను పనిచేసేదని, మీరు కళ్లారా చూశారని. ఆపైన అది ఎలా మాయమైందో జనమే అనుకుంటారు."

శనివారం మధ్యాహ్నం, పేటంతా భోజనాలయ్యాక కునుకు తీసే వేళ, సిల్వానో ఆసుపత్రి వెనక్కి వెళ్లాడు. రేకుల గది తలుపు తీసి ఉంది. మనసులో ఒకటే కోరిక, లోపల ఖాళీ పెట్టే ఉండాలని. అది ఖాళీగా ఉంటే రేపు మైకు పట్టుకుని అరవొచ్చు. ఇదిగో, మనవాళ్లూ ఇంతే అని బయటపెట్టేసి తనూ కాస్త తేలికపడొచ్చు. పాత పాపాన్ని ఈ కొత్త పాపం కిందికి తోసెయ్యొచ్చు.

పెట్టె తలుపు లాగాడు. లోపల మిషను ఉంది. నల్లగా, బరువుగా, నూనె వాసనతో. చెయ్యంత లావు తీగ గోడలోకి వెళ్తోంది. అక్కడున్న మెకానిక్కు మీట నొక్కి చూపించాడు. గది అదిరింది, గోడ అదిరింది, సిల్వానో పళ్లు కూడా అదిరాయి. నిజం మిషనే. అతను కుర్చీల దొంతర మీద చతికిలబడ్డాడు. ఏం తాతా, భయమేసిందా అని మెకానిక్కు నవ్వాడు. అవున్రా అన్నాడు సిల్వానో.

ఆదివారం వచ్చింది. బాజాలు, జెండాలు, ఎండ. నల్లచొక్కాతో సిల్వానో వేదిక మీద ఉన్నాడు. ముందు వరసలో, ఆనాడు ఎర్మిందా కూర్చున్న చోటే, నిండు కడుపుతో దమారిస్ కూర్చుంది. తల్లి పోలికలే. జనం చివర, ప్రహరీ గోడ దగ్గర, టోపీ చేత్తో పట్టుకుని ఒవిదియో నిలబడి ఉన్నాడు. పడవ మనిషికి ఇక్కడేం పనని ఎవరో ఎకసెక్కమాడారు. చూడ్డానికొచ్చాను, ఈసారి బాడుగ ఎవరికిచ్చారో అన్నాడట. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు.

మంత్రిగారు సిల్వానో భుజం మీద చెయ్యేసి, ఈ పెద్దమనిషి ఇంటిదీపాన్ని ఎవరు ఆర్పారో మీకందరికీ తెలుసన్నారు. జనం కేకలేశారు. ఆనాడు మన మిషను ఎలా పనిచేసిందో ఆయన నోటే వినండని మైకు చేతిలో పెట్టారు.

సిల్వానో మైకు పట్టుకున్నాడు. దాంట్లో అతని ఊపిరి వినబడింది. చివరనున్న ఒవిదియోని చూశాడు. అతను తల దించుకున్నాడు. ఆనాడు శవపేటిక దగ్గర ఎలా నోరు మెదపలేదో, ఇవాళా అలాగే. నువ్వేం చెప్పినా నేను కాదనను అన్నట్టు. ఆ దించిన తల చూశాకే సిల్వానో మైకు కిందికి దించాడు. ముందు వరస వంక చూశాడు. దమారిస్ చేతులు చప్పట్ల కోసం పైకి లేవలేదు. కడుపు మీదే ఉన్నాయి. కళ్లు మాత్రం తండ్రి మీదే.

మైకు మంత్రిగారికి తిరిగిచ్చేశాడు. గాజుపెట్టె బల్ల మీద వదిలేసి మెట్లు దిగాడు. ముసలాయనకి దుఃఖం పొంగుకొచ్చిందని రాదమేస్ సర్దిచెప్పాడు. బాజాలు గట్టిగా వాయించారు. ఎవరూ గమనించని సంగతి ఒకటుంది, అతను వెళ్తూ వెళ్తూ ఒవిదియో ముందు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నడిచిపోయాడు.

దమారిస్ ఇక ఆగలేదు. కుర్చీలోంచి లేచి, అంత జనాన్నీ తోసుకుంటూ గోడ దగ్గరికి నడిచి, "దీవెన, పద్రీనో" అంది. ఒవిదియో ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "దేవుడు నిన్ను దీవించాలి బిడ్డా. నిన్నూ, నీ కడుపులో ఉన్నవాణ్నీ" అన్నాడు. అక్కడే ఆమె అడిగేసింది, మీ ఇద్దరికీ మధ్య ఏం జరిగిందో చెప్పమని. అతను ఆ మాట తను చెప్పేది కాదన్నాడు. తండ్రి తప్పు బిడ్డకి చెప్పడానికి జ్ఞానతండ్రి కాలేదన్నాడు. ఆ రోజు మంచం దగ్గర నువ్వు చూసిందేదో ఉంది కదా, దాన్నే మీ నాన్నని అడుగు అన్నాడు.

ఆమె కసిల్దా ఇంటికెళ్లి, పొయ్యి మీదున్న పాయసంలోంచి ఒక గిన్నె అడిగి తీసుకుంది. దాని మీద గుడ్డ కప్పి సెలూన్‌కి వెళ్లింది. అప్పుడు మధ్యాహ్నం. దూరాన బాజాలు ఇంకా వినబడుతున్నాయి. సిల్వానో చొక్కా విప్పేసి, బనీనుతో, తన కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు. గాజుపెట్టె లేని చోట గోడ మీద తెల్లటి చదరం పడి ఉంది. దమారిస్ గిన్నె అద్దం ముందు పెట్టి గుడ్డ తీసింది. అతను వద్దనలేదు.

ఆమె నిలబడే అడిగింది. ఇన్నేళ్లూ నాలుక చివర ఉంచుకున్న ప్రశ్న అది.

"ఆ రోజు నర్సు అరవగానే అందరూ వెనక గదికి పరుగెత్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా పరుగెత్తారు. నువ్వూ పద్రీనో కదల్లేదు. నువ్వెందుకు పరుగెత్తలేదు నాన్నా?"

సిల్వానో అద్దంలోంచి కూతుర్ని చూశాడు. తర్వాత అద్దం వదిలేసి, కుర్చీ తిప్పి, ఆమె ముఖంలోకే చూశాడు.

"ఎక్కడికని పరుగెత్తను తల్లీ? ఆ పెట్టెలో చీపురు తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. ఆ తలుపు మూసింది నేనే. ఎన్నికలయ్యాక చెబుదాంలే అనుకున్నా. తర్వాత మనం ఓడిపోయాం. ఇంక అది వాళ్ల నెత్తినే పడుతుందిలే, పడనీ అనుకున్నా."